కారుకి తగిలితే ఔట్

శ్రావ్యా, చిన్నూ, మొన్న ఫోన్లో మీరిద్దరూ నవ్వుకోవడం నాకు వినపడింది. "అమ్మమ్మ కువైట్‌లో బేస్‌బాల్ నేర్పిందట" అని చిన్ను కిసుక్కుమంటే, "ఊరుకోరా" అని శ్రావ్య కూడా నవ్వింది. నవ్వండి, నాకేం కోపం లేదు. నేను బ్యాట్ పట్టుకుంటే చపాతీ కర్ర పట్టుకున్నట్టే ఉండేదని మీ తాతయ్య కూడా అనేవారు.

ఆ తర్వాత, శ్రావ్యా, నువ్వన్న మాట ఒకటుంది. దాని దగ్గర్నుంచే నాకు కుదురు లేకుండా పోయింది. "మా స్కూల్ టీంలో ఒక పిల్ల ఉంది అమ్మమ్మా, ప్రాక్టీసులో ఎంత బాగా కొడుతుందో! మ్యాచ్ అనేసరికి బ్యాట్ కదలదు. అంతా దాని బుర్రలోనే ఉంది" అన్నావు. అన్నావు, ఫోన్ పెట్టేశావు. నేను మాత్రం హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను. "కాస్త కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని మీ తాతయ్య విసుక్కున్నారు. అందుకని కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఆటలు నేర్పే ఉద్యోగంలో ఇప్పుడే అడుగు పెట్టావు. నేను బయటికొచ్చి చాలాకాలమైంది. ఆ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో ఒక్క పిల్లాడి సంగతి చెబితే చాలనిపించింది.

మాకు గ్రౌండే లేదు

కువైట్ వెళ్ళకముందు నేను అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మీ తాతయ్యకి కువైట్ సిటీలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇరాక్‌తో యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకి మీ అమ్మని తీసుకుని నేనూ వెళ్ళాను. హవల్లీలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. నాలుగంతస్తుల బిల్డింగు, మధ్యలో సిమెంటు వేసిన చిన్న వాకిలి. ఆటల పీరియడ్ అంటే ఆ వాకిలీ, కింద ఒక హాలూ. అంతే. చుట్టూ కిటికీ అద్దాలు. మే నెల వచ్చిందంటే ఆ వాకిట్లో కూడా నిలబడలేం.

అక్కడ మా బతుకులు కూడా అలాగే ఉండేవి, ఎప్పుడూ ఒక కాలు గడప బయట పెట్టుకున్నట్టు. ఇఖామా అని ఒక కార్డు ఉంటుంది, ఆ దేశంలో ఉండనిచ్చేది అదే. అది మన ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కార్డు పోతుంది, కార్డు పోతే ఇంటిల్లిపాదీ విమానం ఎక్కాలి. మా ఇంట్లో అటక మీద సూట్‌కేసులు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసినట్టు గుర్తులేదు. మీ అమ్మ గట్టిగా నవ్వినా "మెల్లిగా, కింద వాళ్ళకి వినపడుతుంది" అనేదాన్ని. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఆటల టీచర్లకి పెద్ద సమీర్. ఆయన్ని అందరం ఉస్తాజ్, అంటే మాస్టారు, అనేవాళ్ళం. ఈజిప్టు మనిషి, ఒకప్పుడు హ్యాండ్‌బాల్ ఆడినవాడు. విజిల్ తాడు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఆయన్ని చూస్తే నాకు ఇంకా కంగారు ఎక్కువయ్యేది. అక్కడ ఆడ టీచర్లని "అబ్లా" అంటారు. ఒకరోజు ఆయన ఒక పెద్ద ఇనప్పెట్టె నా ముందు పెట్టించాడు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఎవరో అమెరికన్ కుటుంబం వాళ్ళు స్కూలుకి ఇచ్చేసిన బేస్‌బాల్ సామాను. బ్యాట్లు, తోలు గ్లవ్‌లు, హెల్మెట్లు.

"అబ్లా సరళా, స్కూళ్ళ మధ్య మ్యాచ్‌లు పెడుతున్నారు. మిష్రిఫ్‌లో గ్రౌండు. మన టీంని నువ్వు చూసుకో."

"నాకు రాదు ఉస్తాజ్."

"నాకూ రాదు. యల్లా, మొదలుపెట్టు."

మంచివాడే. అయితే తొందర మనిషి. పిల్లాణ్ణి ఒకసారి చూసి వాడేంటో తేల్చేసేవాడు. చాలాసార్లు సరిగ్గానే తేల్చేవాడు, అదే ఇబ్బంది. పదిసార్లు సరిగ్గా చెప్పినవాడు పదకొండోసారి తప్పు చెబితే ఎవరూ అడగరు. నీకూ ఇలాంటి పైవాళ్ళు తగులుతారు.

హ్యాండ్‌బ్రేక్

టీంలో చేరినవాళ్ళంతా క్రికెట్ పిల్లలే. వాళ్ళలో ఇర్ఫాన్ అని ఒకడు ఉండేవాడు. పదమూడేళ్ళుంటాయి. వాళ్ళది రాయచోటి. నాన్న ఖాదర్ గారికి హవల్లీలోనే టీవీలు, రేడియోలు బాగుచేసే షాపు. ఆ పిల్లాడికి నేను ఇచ్చిన తోలు గ్లవ్ ఎండకి బిరుసెక్కిపోయి ఉంటే, ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ దగ్గర కొబ్బరినూనె అడిగి పట్టించి, మెత్తగా చేసుకుని తెచ్చాడు. మర్నాటి నుంచి టీం అంతా కొబ్బరినూనె వాసనే.

హాల్లో వల కట్టి ప్రాక్టీసు చేయించేదాన్ని. అక్కడ ఇర్ఫాన్ కొడితే వల కొక్కేలు ఊడి వచ్చేవి. పక్క క్లాసు టీచర్ బయటికి వచ్చి "ఏవిటండీ ఆ చప్పుడు?" అని అడిగేది. వాడికి ఆ ఆట ఎంత ఇష్టమంటే, నాకంటే ముందే వచ్చి హాలు తలుపు దగ్గర కూర్చునేవాడు. "టీంలో ఉన్నన్నాళ్ళే గ్రౌండు, లేకపోతే ఈ ఏడాది నుంచి సాయంత్రాలు ట్యూషనే అన్నాడు మిస్ మా నాయిన" అని ఒకసారి చెప్పాడు. అందుకే వాడికి టీంలో చోటు అంటే ఒక్క ఆట కాదు, వాడి సాయంత్రాలన్నీ అందులోనే ఉన్నాయి.

మ్యాచ్‌లు శుక్రవారం, అసర్ నమాజు, అంటే సాయంత్రం నమాజు అయ్యాక, మిష్రిఫ్‌లో. మిష్రిఫ్ అంటే కువైటీల పెద్ద పెద్ద ఇళ్ళుండే పేట. ఇసక గ్రౌండు, ఒక పక్క ఇనప జాలీ, ఒక పక్క అదీ లేదు, రోడ్డే. మొదటి మ్యాచ్‌లో ఇర్ఫాన్‌ని ముందు వరుసలో దింపాను. బేస్‌బాల్‌లో మంచి బంతిని ఊపి తప్పినా, ఊరికే వదిలేసినా ఒక తప్పు. మూడు తప్పులకి ఔట్. వీడు మొదటిది వదిలేశాడు. రెండోదానికి బ్యాట్ ఎత్తాడు, తెచ్చాడు, సగంలో ఆపేశాడు. మూడోదీ అంతే. వచ్చి బెంచీ మీద కూర్చుని, కాలు అదే పనిగా ఆడిస్తూ కూర్చున్నాడు.

రెండో వారం కూడా ఇదే. మూడో వారం ఒక బంతి తగిలింది గానీ, నీళ్ళలో గిన్నె పడ్డట్టు బుడుక్కుమని అక్కడే పడింది. నాలుగో వారానికి పిల్లలు పేరు పెట్టేశారు.

"ఒరేయ్ ఇర్ఫాన్, హ్యాండ్‌బ్రేక్ దించరా!"

"వాడు దించడు, బండి కిందకి జారిపోతుందని భయం."

వాడూ నవ్వేవాడు వాళ్ళతో కలిసి. నాకది ఇంకా బాధగా ఉండేది.

తలో మాట

అందరి దగ్గరా మందు ఉంది. సమీర్ గుండె మీద చెయ్యి వేసుకుని, "వీడికి చెయ్యి ఉంది, కన్ను ఉంది. ఖల్బ్ లేదు, గుండె లేదు. గుండె నేను ఎక్కణ్ణించి తేను?" అన్నాడు. ఇంగ్లీషు టీచరమ్మ ధ్యానం చేయించమంది. ఖాదర్ గారు జాలీ వెనక నిలబడి "బాల్ సూడరా, బాల్ సూడు!" అని అరిచేవారు. నేను తక్కువ తిన్నానా? మోచెయ్యి ఎత్తమన్నాను, భుజాలు వదులు చెయ్యమన్నాను, కాళ్ళు ఎడంగా పెట్టమన్నాను, కంగారు పడొద్దన్నాను. అన్నిటికీ "సరే మిస్" అనేవాడు. ఇన్ని మాటలు మోసుకుని వెళ్ళి నిలబడ్డ పిల్లాడికి బంతి ఎప్పుడు కనిపిస్తుంది, చెప్పు?

కంగారు పడకు అన్న మాట వల్ల కంగారు తగ్గిన పిల్లని నా ఉద్యోగం మొత్తంలో నేను చూడలేదు. నువ్వూ ఆ మాట మానెయ్యి.

నాకు మాత్రం ఒక్కటి కొరుకుడు పడలేదు. పిరికివాడైతే హాల్లో కూడా పిరికివాడే కావాలి కదా. బంతి తగులుతుందని భయపడే పిల్లలు వెనక్కి జరుగుతారు. వీడు అంగుళం కూడా జరగడు. బంతి మీదికే వెళతాడు. బ్యాట్ కూడా బాగానే బయల్దేరుతుంది. మధ్యలో ఎవరో పట్టుకుని లాగినట్టు ఆగిపోతుంది. అమలాపురం దగ్గర స్కూల్లో పరుగు పందేల్లో ఒక పిల్ల ఎప్పుడూ కుడిపక్కకి వాలిపోతుంటే ఏడాదిపాటు దాని కాళ్ళే చూశాం మేము. చివరికి చూస్తే ఆ గ్రౌండులో కుడి మూల నుంచి గాలి కొడుతోంది. అందుకని ఇర్ఫాన్ సంగతిలో కూడా నా మనసు నిలవలేదు. మ్యాచ్ జరుగుతుంటే గీత పక్కన అటూ ఇటూ నడిచేదాన్ని. నా చెప్పుల కింద ఇసక గుంట పడిపోయేది.

బుధవారం సమీర్ పిలిచాడు. విజిల్ తాడు చుట్టాడు, విప్పాడు.

"శుక్రవారం ఒక్క మ్యాచ్ చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఖలాస్. వేరే పిల్లాణ్ణి పెట్టుకో. వాళ్ళ నాన్నకి ముందే చెప్పు, తర్వాత నాకు గొడవ వద్దు."

అద్దానికి తగిలితే అందరూ ఔట్

ఆ సాయంత్రమే వాళ్ళింటికి బయల్దేరాను. మా ఇంటికి రెండు వీధులు అవతల. ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను. బిల్డింగు కింద కార్లు పెట్టుకునే జాగాలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. రెండు వరుసల కార్ల మధ్య సందులో పిచ్. హారిస్, అంటే ఆ బిల్డింగు వాచ్‌మన్, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. బ్యాటింగు మన ఇర్ఫానే.

నేను ఒక వ్యాను వెనక ఆగి చూశాను. ఏం ఆడుతున్నాడనుకున్నారు! బంతి ఎటు వచ్చినా నేల మీదే, కార్ల చక్రాల మధ్యనుంచి పాములా పోతోంది. ఎవడో ఒకడు చక్కగా కొట్టుకోమన్నట్టు ఎత్తుగా వేశాడు. ఇర్ఫాన్ కాలు ముందుకు వేశాడు, బ్యాట్ మొత్తం బయల్దేరింది, సరిగ్గా తగిలే ముందు చచ్చిపోయింది. పడుకున్నవాళ్ళు లేవకుండా బిందెని చప్పుడు చెయ్యకుండా నేల మీద పెడతామే, అలా. బంతి వాడి కాళ్ళ దగ్గర పడింది. అందరూ "షాబాష్" అన్నారు.

ఊపు ఆపినందుకు షాబాష్!

యూనిఫారం కూడా విప్పకుండా ఫీల్డింగు చేస్తున్న ఒక పాపని అడిగాను. "గట్టిగా కొట్టాడు కాదేం?"

అది నన్ను ఎగాదిగా చూసింది. "మీరు కొత్తా ఆంటీ? గాల్లో కొడితే ఔట్. కారుకి తగిలితే ఔట్. అద్దానికి తగిలితే అందరూ ఔట్."

"అందరూ అంటే?"

"అందరం ఇంటికే. హారిస్ బాల్ తీసేసుకుంటాడు."

ఆరేడేళ్ళుగా వాడు రోజూ సాయంత్రం ఈ ఆటే ఆడాడు. ఆ సందులో మిగతా అందరికంటే బాగా ఆడాడు. నేను వెళ్ళి నాలుగు వారాల్లో మోచెయ్యి ఎత్తమంటే అది పోతుందా?

పైకి వెళ్ళాను. ఖాదర్ గారు అప్పుడే షాపు నుంచి వచ్చినట్టున్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. మొదట అడిగిన మాట ఇది.

"ఏంది టీచరమ్మా? వాడు ఏమన్నా పగలగొట్టినాడా?"

"లేదండీ. పగలగొట్టట్లేదనే వచ్చాను."

ఆయనకి అర్థం కాలేదు. ఇర్ఫాన్ వాళ్ళమ్మ ముంతాజ్ పాలు లేని టీ గ్లాసులో పోసి తెచ్చింది. సమీర్ అన్నది చెప్పాను. శుక్రవారం ఆఖరి అవకాశమని చెప్పాను. కింద నేను చూసిందీ చెప్పాను. ముంతాజ్ వాళ్ళాయన వైపు చూసింది.

"ఆ పొద్దు సంగతి జెప్పు" అంది.

"ఏ పొద్దు?"

"ఏ పొద్దంటావేంది? అద్దం పగిలిన పొద్దు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. అంతకు ముందెప్పుడో ఇర్ఫాన్ కొట్టిన బంతి ఒక కారు ముందద్దానికి తగిలి, అద్దం చిట్లింది. ఆ కారు ఆ బిల్డింగు యజమాని తమ్ముడిది. ఖాదర్ గారు పరిగెత్తుకుంటూ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ కారాయన నాలుగు తిట్టి, అద్దం వేయించుకుని ఊరుకున్నాడు. అక్కడితో అయిపోయింది. అయిపోనిది ఇంట్లో.

"ఇంటికొచ్చి వీనితో అంటి టీచరమ్మా. నీ ఒక్క దెబ్బకు మనందరి ఇఖామా పోతాది రా, అమ్మనూ నన్నూ ఇమానం ఎక్కిస్తారు అని. కోపంలో అంటి అనుకునేరు. నేను గూడా నమ్మే అంటి. ఈ దేశంలో మనం సప్పుడు సేయకుండా బతకాల గదా."

"మెల్లిగా నవ్వు, కింద వాళ్ళకి వినపడుతుంది" అనే మనిషినే నేనూ.

ఇర్ఫాన్‌ని పైకి పిలిచారు. చెమటతో, భయంతో వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"మిష్రిఫ్‌లో బ్యాట్ పట్టుకుని నిలబడితే నీకు ముందేం కనిపిస్తుంది నాయనా?"

"కార్లు మిస్."

"మరి బంతి?"

"అది ఆ తర్వాత."

అప్పుడు నాకు మిష్రిఫ్ గ్రౌండు మొత్తం కళ్ళ ముందు తిరిగింది. జాలీ లేని ఎడమ పక్క రోడ్డు అన్నానే, మిగతా పిల్లల తల్లిదండ్రులు దుమ్ముకి భయపడి అక్కడే పెద్ద పెద్ద కార్లు వరసగా ఆపుకుని, అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చుని మ్యాచ్ చూసేవారు. కుడిచేతి వాటం పిల్లాడు పూర్తిగా ఊపి కొడితే బంతి వెళ్ళేది సరిగ్గా అటే. నాలుగు వారాలు ఆ కార్ల ముందే నడిచాను నేను. అవి నాకు కార్లు. వాడికి వరసగా నిలబెట్టిన ఇఖామాలు.

"అద్దం పగిలినా ఏం కాదని మీరే వాడికి చెప్పండి" అన్నాను ఖాదర్ గారితో.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నోటితో జెప్తే యాడ నమ్ముతాడు టీచరమ్మా? పోతాదని జెప్పింది గూడా ఈ నోరే గదా."

ఎడారిలో

అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు. గురువారం పొద్దున్నే ఖాదర్ గారే ఫోన్ చేసి, ఊరి బయట ఎడారికి పోదాం రమ్మన్నారు. వాళ్ళ షాపు పాత తెల్ల వ్యానులో బయల్దేరాం. ముంతాజ్ ఫ్లాస్కూ రొట్టెలూ తెచ్చింది. యుద్ధంలో పేలకుండా మిగిలిన మందుపాతరలు ఇంకా అక్కడక్కడా ఉంటాయని అందరికీ భయమే, అందుకని దారి పక్కనే ఆగాం. ఇసకలో ఇనుము కనిపిస్తే ముట్టుకోవద్దని ముంతాజ్ కొడుక్కి వందసార్లు చెప్పింది.

నేను బంతులు వేశాను. నేను వేసే బంతులు ఎలా ఉంటాయో మీ అమ్మని అడగండి. అయినా వాడు కొట్టాడు. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. అవి ఎక్కడ పడుతున్నాయో కూడా తెలియడం లేదు. ఖాదర్ గారు లుంగీ ఎగ్గట్టి బంతుల వెనక పరిగెడుతూ "కొడతాండాడు! కొడతాండాడే!" అని కేకలు. ఇర్ఫాన్ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. వాడు అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

కాసేపటికి ఖాదర్ గారు బంతి చేతిలో పట్టుకుని ఆగిపోయారు. చుట్టూ చూశారు. కనుచూపు మేర ఏమీ లేదు.

"ఈడ ఏముంది టీచరమ్మా, పగలడానికి" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయన స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూనే ఉన్నారు.

శుక్రవారం

నేను ముందుగానే సమీర్‌కి సంగతి చెప్పి, ఆ కార్లని కొంచెం అవతల పెట్టించమన్నాను. ఆయన నమ్మలేదు. "కార్లా? కార్లు ఎవరికి అడ్డం?" అన్నాడు. అయినా నా కోసం వెళ్ళి ఒకాయన్ని అడిగాడు. ఆయన నవ్వి అద్దం ఎత్తేసుకున్నాడు. ఆ దుమ్ములో అంత దూరం నుంచి ఎవరు నడిచి వస్తారు?

అసర్ అయింది. మ్యాచ్ మొదలైంది. ఎప్పుడూ అందరికంటే ముందు వచ్చే ఖాదర్ గారు రాలేదు. ఇర్ఫాన్ జాలీ వైపు చూస్తున్నాడు, రోడ్డు వైపు చూస్తున్నాడు. వాడి మొదటి వంతు వచ్చింది. బ్యాట్ బయల్దేరింది, ఆగింది. బయల్దేరింది, ఆగింది. ఔట్. నిన్నటి ఎడారి ఏమైపోయిందో. సమీర్ నా వైపు చూసి ఒక్క వేలు ఎత్తాడు. ఇంకొక్క వంతు.

నేను నడుస్తూనే ఉన్నాను. గాలి లేచింది. నోట్లో ఇసక.

వాడి రెండో వంతుకి ముందు రోడ్డు మీంచి ఒక పాత తెల్ల వ్యాను గ్రౌండు వైపు తిరిగింది. వరసగా ఉన్న ఆ మెరిసే కార్ల ముందుకొచ్చి, వాటికి అడ్డంగా, వంకరగా ఆగింది. ఖాదర్ గారు దిగారు. తలుపు వేశారు. టీం పిల్లాడొకడు పరిగెత్తాడు.

"అంకుల్, అక్కడ పెట్టకండి, బాల్ తగుల్తుంది!"

"తగలనీ. ఈడనే పెడతా."

కార్లలోంచి ఒకరిద్దరు హారన్ కొట్టారు, వాళ్ళకి మ్యాచ్ కనపడటం లేదు మరి. ఆయన వినిపించుకోలేదు. నడుచుకుంటూ గీత దాకా వచ్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, జీవితంలో ఎన్నడూ అరవనట్టు అరిచారు.

"రేయ్ ఇర్ఫానూ! ఆ బండి నాది. ఆ అద్దం నాది. కొట్టు!"

"ఏమంటున్నాడు ఆయన?" అని అంపైర్ నన్ను అడిగాడు.

"ఏమీ లేదండీ, దీవిస్తున్నారు" అన్నాను.

ఇర్ఫాన్ వ్యాను వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మొదటిసారి బంతి వేసే పిల్లాడి వైపు చూశాడు.

మొదటి బంతికి ఎంత గట్టిగా ఊపాడంటే, తగలక తనే గిర్రున తిరిగి మోకాళ్ళ మీద పడ్డాడు. పిల్లలు ఘొల్లున నవ్వారు. నేను మాత్రం నడక ఆపేశాను. ఆ ఊపు మధ్యలో ఆగలేదు. రెండోది బ్యాట్ అంచుకి తగిలి వెనక్కి పోయింది. అదీ ఒక తప్పే. ఇంకొక్కటే మిగిలింది. సమీర్ చేతిలో విజిల్ తాడు కదలడం లేదు.

మూడోది నడుం ఎత్తున వచ్చింది. బ్యాట్ బయల్దేరింది, బంతి దాకా వెళ్ళింది, బంతిని దాటి కూడా వెళ్ళింది. బంతి ఎడమ పక్కకి తక్కువ ఎత్తులో దూసుకుపోయి, ఇసకలో ఒక్కసారి పడి లేచి, వ్యాను తలుపుకి ఠంగున తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బంతి వ్యాను కిందకి దొర్లిపోయింది.

అయితే అప్పుడేమైందో వినండి. కొట్టినవాడు పరిగెత్తాలి కదా. వాడు నాలుగడుగులు పరిగెత్తి, ఆ ఠంగుమన్న చప్పుడు వినగానే ఆగిపోయాడు. రెండు చేతులూ హెల్మెట్ మీద పెట్టుకుని, మొహం పాలిపోయి, దారి మధ్యలో నిలబడిపోయాడు. అవతలి టీం పిల్లాడు వ్యాను కింద బోర్లా పడుకుని బంతి కోసం తడుముతున్నాడు. మా పిల్లలందరూ "పరిగెత్తు, పరిగెత్తు" అని గోల. వాడికి వినపడటం లేదు. వాళ్ళ నాన్ననే చూస్తున్నాడు.

ఖాదర్ గారు గీత పక్కనుంచి తనే పరుగు లంకించుకున్నారు.

"పరిగెత్తరా నాయనా! బండి నేను సూసుకుంటా! నువ్వు పరిగెత్తు!"

అప్పుడు కదిలాడు. రెండో బేస్ దాకా తేలిగ్గా వెళ్ళాల్సిన దెబ్బకి మొదటి బేస్ దగ్గరే, అదీ పొట్ట మీద జారి, దుమ్ములో చేరుకున్నాడు. లేచి నిలబడి మళ్ళీ వ్యాను వైపే చూశాడు. వ్యాను ఉంది. వాళ్ళ నాన్న ఉన్నాడు. ఎవరూ ఎవర్నీ ఏ విమానమూ ఎక్కించలేదు.

సమీర్ నా పక్కకి వచ్చాడు. తాడు మళ్ళీ వేలికి చుట్టడం మొదలుపెట్టాడు.

"గుండె వచ్చింది, కాళ్ళు ఆగిపోయాయి" అన్నాడు. "కాళ్ళ సంగతి నువ్వు చూసుకో అబ్లా." వాడు టీంలో ఉన్నాడని చెప్పడం ఆయనకి అలాగే చేతనవును.

చివరగా

శ్రావ్యా, ఆ తర్వాత వాడు గొప్ప ఆటగాడు అయిపోయాడని చెప్పను. చాలాసార్లు తప్పాడు. పూర్తిగా ఊపి తప్పాడు. ఇంటర్‌కి ఇండియా వెళ్ళేదాకా మా టీంలోనే ఉన్నాడు. ఖాదర్ గారు మిగతా మ్యాచ్‌లన్నిటికీ వ్యాను అక్కడే పెట్టేవారు. కువైటీలు ఒకరిద్దరు విసుక్కుని వాళ్ళ కార్లు దూరంగా పెట్టుకోవడం మొదలుపెట్టారు, ఆ రకంగా మా పని కూడా అయింది.

అంతా దాని బుర్రలోనే ఉంది అన్నావు. ఉండొచ్చు. బుర్రలోకి అది ఎక్కణ్ణించో ఒకచోటు నుంచి వచ్చే ఉంటుంది కదా. ఆ పిల్ల నిలబడే చోట నువ్వొకసారి బ్యాట్ పట్టుకుని నిలబడు. ఎదురుగా ఏం కనిపిస్తుందో చూడు. స్కూలు అయ్యాక అది ఎక్కడ ఆడుకుంటుందో, అక్కడ దేనికి ఔట్ అంటారో చూడు. వాళ్ళింటికి వెళ్ళు. తలుపు తీసి మొదట ఏం అడుగుతారో విను. అప్పటిదాకా మోచెయ్యి జోలికి పోకు.

నేను కువైట్ వదిలి వచ్చేసే ముందు ఖాదర్ గారి షాపుకి వెళ్ళాను, వెళ్ళొస్తానని చెప్పడానికి. వ్యాను బయటే ఉంది. రంగు కొత్తగా వేయించారు, తళతళలాడుతోంది. తలుపు మీద సొట్ట మాత్రం అలాగే ఉంది.

"రంగు వేయించినవారు ఆ సొట్ట కూడా తీయించేయాల్సిందండీ" అన్నాను.

ఆయన దాని మీద అరచేయి ఆనించి, "ఉండనీండి టీచరమ్మా" అన్నారు. "సెలవులకు వచ్చినప్పుడు వాడు సూడాల గదా."